రెండు కథలు, ఒకే పద్యం: శ్లేష నడిచిన దారి

ఒకే మాటల వరుస నుంచి ఒకటికి మించిన అర్థాలు పుట్టించే అలంకారం శ్లేష. రాజు అంటే ప్రభువు, చంద్రుడు. కువలయం అంటే భూమండలం, కలువ. ఈ రెండు మాటలకూ ‘ఆనందం కలిగించేవాడు’ అన్న విశేషణం తోడైతే, లోకాన్ని సుఖంగా ఏలే ప్రభువూ కలువలను విరియించే చంద్రుడూ ఒకే వాక్యంలో కనిపిస్తారు. బడి పుస్తకాలు సాధారణంగా ఈ రాజు దగ్గరే, ఈ కలువ దగ్గరే ఆగిపోతాయి. ఈ చిన్న చమత్కారం మాత్రం అక్కడ ఆగలేదు. వెయ్యేళ్ళలో అది పదం నుంచి పద్యానికి, పద్యం నుంచి సర్గకు, చివరకు మొత్తం కావ్యానికి విస్తరించింది. రామాయణం, భారతం రెండూ ఒకే పద్యాల వరుసలో నడిచే కావ్యాలు పుట్టాయి. తెలుగులో వీటిని ద్వ్యర్థి కావ్యాలన్నారు. మూడు కథలు చెప్పేవి త్ర్యర్థి కావ్యాలు.

ఆలంకారికులు శ్లేషను ప్రధానంగా రెండు రకాలుగా చూశారు. పదాన్ని విరవకుండానే రెండర్థాలు వస్తే అది అభంగ శ్లేష. ‘కరం’ అంటే చేయి, కిరణం, పన్ను. ‘ద్విజుడు’ అంటే బ్రాహ్మణుడు, పక్షి. ‘పుండరీకం’ అంటే తెల్లతామర, పులి. పదాన్ని వేర్వేరు చోట్ల విరిస్తే వేర్వేరు అర్థాలు వచ్చేది సభంగ శ్లేష. ‘దోషాకరుడు’ను దోషా, కర అని విడదీస్తే రాత్రిని చేసేవాడు, అంటే చంద్రుడు. దోష, ఆకర అని విడదీస్తే తప్పులకు గని. ‘సదానవ’ ఒక విరుపులో ఎప్పుడూ కొత్తది, ఇంకో విరుపులో దానవులతో కూడినది. రెండో రకానికి సంధి, సమాసం ఎంత తోడ్పడ్డాయో ఆనాటి రాత పద్ధతి కూడా అంత తోడ్పడింది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలేవారు కాదు. అక్షరాలు ఏకధాటిగా సాగుతాయి. ఎక్కడ విరవాలో చదివేవాడు తేల్చుకోవాలి. మామూలు గ్రంథంలో ఇది చదువరికి ఇబ్బంది. శ్లేష కవికి అదే సదుపాయం.

సంస్కృతంలో శ్లేషను పుస్తకమంతా పరిచిన తొలి రచనల్లో సుబంధుడి ‘వాసవదత్త’ ముఖ్యమైనది. ఇది గద్య కావ్యం. కథ చాలా చిన్నది. వర్ణన, దానిలోని ద్వంద్వార్థమే అసలు సరుకు. అక్షరమక్షరానా శ్లేష నింపానని సుబంధుడు చాటుకున్నాడు. ఆ రచనను మెచ్చుకున్న బాణుడు 7వ శతాబ్దిలో కనౌజు పాలకుడు హర్షుడి కొలువులో ఉండి ‘హర్షచరితం’, ‘కాదంబరి’ రాశాడు. ఆ కొలువుల్లో శ్లేషకు ఒక పని ఉండేది. రాజును ఇంద్రుడనో విష్ణువనో నేరుగా పిలిస్తే అది మామూలు పొగడ్త. రాజుకూ దేవుడికీ సరిపోయే విశేషణాలు ఏర్చి కూర్చితే, పోలిక చెప్పకుండానే ఇద్దరూ ఒకే మాటల్లో ఇమిడిపోతారు. రాగి శాసనాల్లోనూ రాతి శాసనాల్లోనూ ఉన్న ప్రశస్తి భాగాలు ఈ పద్ధతిని విరివిగా వాడుకున్నాయి. రాజవంశాల చరిత్ర కోసం శాసనాలు చదివేవారు విసుగుతో దాటేసే విశేషణాల గుట్టలో చాలా భాగం ఈ కోవలోదే.

క్రీ.శ. 700 ప్రాంతంలో పల్లవుల కంచిలో ఉన్న దండి ‘కావ్యాదర్శం’లో శ్లేషకు పెద్దపీట వేశాడు. వంకర తిరిగిన చెప్పుతీరు, అంటే వక్రోక్తి, ఎక్కడున్నా దానికి శ్లేష అందం పెంచుతుందని ఆయన అభిప్రాయం. రామ, పాండవ కథలను కలిపి దండి ‘ద్విసంధానం’ అనే కావ్యం రాశాడని 11వ శతాబ్దిలో భోజుడు పేర్కొన్నాడు. అది దొరకలేదు. దొరికిన వాటిలో తొలి పెద్ద రచన దిగంబర జైనకవి ధనంజయుడి ‘ద్విసంధాన కావ్యం’. సుమారు 800 నాటి ఈ 18 సర్గల కావ్యంలోనూ రాముడి కథ, పాండవుల కథ జంటగా నడుస్తాయి. ఆ తర్వాత వచ్చిన ద్వ్యర్థి కావ్యాల్లో ఎక్కువ ఈ జంటనే పట్టుకోవడం కాకతాళీయం కాదు. వేటలో జరిగిన పొరపాటుకు దశరథుడూ శాపం పొందాడు, పాండురాజూ పొందాడు. ఒకచోట విల్లు విరిచి, ఒకచోట విల్లెక్కుపెట్టి లక్ష్యం కొట్టి కన్యను గెలుచుకున్నారు. రెండు చోట్లా రాజ్యం పోయింది, అడవి మిగిలింది, ఇల్లాలికి అవమానం జరిగింది, యుద్ధంతో లెక్క తేలింది. ఈ సామ్యం శ్రోతకు ముందే తెలుసు. కవి కొత్తగా చేసింది దాన్ని భాషలో రుజువు చేయడం.

కావ్యాలు పెరిగే కొద్దీ శాస్త్రంలో చర్చ ముదిరింది. 9వ శతాబ్దిలో కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు శబ్దశ్లేషను ఎనిమిది రకాలుగా విభజించాడు. వర్ణం, పదం, లింగం, ప్రకృతి, ప్రత్యయం, విభక్తి, వచనంతో పాటు భాష కూడా అందులో ఒక రకం. భాషాశ్లేషలో ఒకే అక్షరాల వరుస సంస్కృతంగా చదివితే ఒక అర్థం, ప్రాకృతంగా చదివితే మరో అర్థం ఇస్తుంది. 11వ శతాబ్దిలో మమ్మటుడు తేల్చజూసిన ప్రశ్న వేరు: శ్లేష మాటకు చెందినదా, అర్థానికి చెందినదా? ఆయన పరీక్ష తేలికైనదీ పదునైనదీ. ఆ మాట తీసి పర్యాయపదం పెట్టి చూడాలి. చమత్కారం పోతే అది శబ్దాలంకారం, నిలిస్తే అర్థాలంకారం. కొంచెం బరువుకే కిందికి దిగి, కొంచెం తగ్గితే పైకి లేచే గుణం తక్కెడ కోలకూ నీచుడికీ సమానం. ఈ సంగతి ఏ మాటల్లో చెప్పినా పోదు. దోషాకరుడి బదులు చంద్రుడన్నామంటే మాత్రం మరుక్షణమే తప్పుల గని మాయమవుతుంది. ఉపమ, రూపకం వంటి ఇతర అలంకారాలతో కలిసి వచ్చినప్పుడు పేరు శ్లేషకు దక్కాలా వాటికా అన్నది మరో పెద్ద తగవు. ఆలంకారికుడు ఉద్భటుడి పక్షం శ్లేష వైపు, మమ్మటుడి పక్షం దానికి ఎదురు. దక్షిణాదిలో ఈ చర్చలన్నిటి సారాన్నీ పాఠ్యంగా మార్చిన గ్రంథాల్లో ఓరుగల్లులో విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ ఒకటి. అందులో ఉదాహరణ శ్లోకాలన్నీ కాకతీయ ప్రతాపరుద్రుడి మీదే. తెలుగు లక్షణకర్తలకు అది చాలాకాలం దారి చూపింది.

శాస్త్రం కన్నా కవులకు ఎక్కువ పనికొచ్చింది నిఘంటువు. ‘అమరకోశం’ మూడో కాండలో నానార్థవర్గం ఉంది. అనేకార్థాలున్న పదాలను అది ఒకచోట చేర్చింది. తర్వాతి శతాబ్దాల్లో నానార్థాలకే పరిమితమైన కోశాలు వచ్చాయి: మహేశ్వరుడి ‘విశ్వప్రకాశం’, ‘మేదినీకోశం’ వంటివి. ఒక్కో అక్షరానికి ఎన్ని అర్థాలున్నాయో చెప్పే ఏకాక్షర నిఘంటువులూ పుట్టాయి. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’లోనూ నానార్థవర్గు కనిపిస్తుంది. ఈ కోశాలను పిల్లలు చిన్నప్పుడే వల్లె వేసేవారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే శ్లేష కావ్యం వినేవారికి ఎలా బోధపడేదన్న అనుమానం సగం తీరుతుంది. ‘హరి’ అనగానే విష్ణువు, సింహం, కోతి, గుర్రం, ఇంద్రుడు వరసగా మనసులో మెదిలే శ్రోతకు, వాటిలో రెంటిని ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. నేటి చదువరికి దుర్భేద్యంగా కనిపించే పద్యంలో కొంత భాగం ఆనాటి చదువుకున్నవాడికి చేతిలో పని.

శ్లేష రాజకీయానికి ఎంత దగ్గరగా నడిచిందో చూపడానికి సంధ్యాకరనంది ‘రామచరితం’ను మించిన ఉదాహరణ లేదు. 11వ శతాబ్ది చివరలో, ఉత్తర బెంగాల్లోని వరేంద్రిని పాలవంశం పోగొట్టుకుంది. కైవర్త నాయకుడు దివ్యుడు తిరుగుబాటు చేసి దాన్ని పట్టుకున్నాడు. తర్వాత భీముడు ఏలాడు. పాలరాజు రామపాలుడు సామంతులను కూడగట్టి భీముణ్ణి ఓడించి వరేంద్రిని తిరిగి సాధించాడు. సంధ్యాకరనంది ఈ కథను రామాయణంతో కలిపి ప్రతి శ్లోకంలోనూ రెండర్థాలు వచ్చేలా చెప్పాడు. రామపాలుడు రాముడు, శత్రువు రావణుడు, చేజారిన నేల సీత. ‘జనకభూ’ అనే ఒక్క మాట ఈ కావ్యానికి ఇరుసు. జనకుడి బిడ్డ అంటే సీత. తండ్రి నేల అంటే వరేంద్రి. పిత్రార్జితమైన భూమి మీద హక్కును ఇంతకన్నా గట్టిగా ప్రకటించడం కష్టం. ఆ నేలను పట్టుకున్నవాడు శత్రువు మాత్రమే కాదు, పరాయి ఇల్లాలిని అపహరించినవాడు కూడా అవుతాడు. పొగడ్తగా మొదలైన శ్లేష ఇక్కడ వాదంగా మారింది. కవి తనను కలికాల వాల్మీకి అని పిలుచుకున్నాడు.

ఈ కావ్యపు ప్రతిని 1897లో హరప్రసాద్ శాస్త్రి నేపాల్లో కనుగొన్నారు; 1910లో అచ్చయింది. దాంతో పాటు దొరికిన పాత వ్యాఖ్య మొదటి పరిచ్ఛేదమంతా, రెండో దానిలో కొంత దూరమూ నడిచి ఆగిపోయింది. వ్యాఖ్య ఉన్నంత మేర బెంగాల్ చరిత్రకారులకు సామంతుల పేర్లతో సహా అమూల్యమైన వివరాలు దొరికాయి. వ్యాఖ్య ఆగిన చోటు నుంచి రామకథ తెలుస్తూనే ఉంటుంది కానీ, పాలరాజుల కథ మసకబారుతుంది. అందరికీ తెలిసిన పురాణం శాశ్వతంగా నిలుస్తుంది. సమకాలీన సంఘటన దాన్ని చూసినవారితోనే పోతుంది. ద్వ్యర్థి కావ్యానికి వ్యాఖ్య ఎందుకు ప్రాణమో ఈ ఒక్క ప్రతి చెబుతుంది.

12వ శతాబ్దిలో రెండు రచనలు తెలుగు కవుల మీద నేరుగా పని చేశాయి. ఒకటి శ్రీహర్షుడి ‘నైషధీయ చరితం’. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటారు. రాజులను పరిచయం చేస్తున్న సరస్వతి వాగ్దేవత. అబద్ధం చెప్పకూడదు, దేవతల గుట్టు బయటపెట్టనూ కూడదు. అందుకని ఒక్కో శ్లోకాన్ని ఒక్కో దేవుడికీ, నలుడికీ సరిపోయేలా చెబుతుంది. చివరిది ఐదుగురికీ సరిపోతుంది. పంచనలీయంగా పేరుపడిన ఈ పదమూడో సర్గలో శ్లేష నగ కాదు, కథకే అవసరం. శ్రీనాథుడు దీన్ని ‘శృంగారనైషధం’గా తెలుగు చేశాడు. ఆ అనువాదం చూసిన పండితులు ‘నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్’ అన్నారని లోకంలో ఓ కథ ఉంది. డుమువులంటే డు, ము, వు, లు అనే తెలుగు ప్రత్యయాలు. కథ నిజమైనా కాకపోయినా, శ్లేష ఉన్న చోట్ల శ్రీనాథుడికి వేరే దారి ఎక్కువగా లేదన్నది నిజం. ద్వంద్వార్థం సంస్కృత సమాసం గర్భంలో ఉంటుంది; దాన్ని విప్పి తెలుగు మాటల్లో పోస్తే ఒక నలుడే మిగులుతాడు.

రెండోది కవిరాజు ‘రాఘవపాండవీయం’. బనవాసి కదంబరాజు కామదేవుడి ఆదరణలో వచ్చిన ఈ 13 సర్గల కావ్యం దక్షిణాదిలో ద్వ్యర్థి కావ్యానికి మారుపేరైంది. వక్రోక్తి మార్గంలో నేర్పరులు సుబంధుడు, బాణుడు, తాను మాత్రమేనని కవిరాజు చెప్పుకున్నాడు. శ్లేష కవుల్లో వినయం అరుదైన గుణం.

తెలుగులో మొదటి ద్వ్యర్థి కావ్యం వేములవాడ భీమకవి రాశాడని ఒక ప్రతీతి. దీన్ని మనకు చేరవేసినవాడు, ఆ ఘనత చివరికి ఎవరికి దక్కిందో ఆ కవే: పింగళి సూరన. భీమకవి ఇలాంటి కావ్యం చెప్పాడని పెద్దలంటారే తప్ప అందులోది ఏదీ వినలేదని తన ‘రాఘవపాండవీయం’ అవతారికలో ఆయన చెప్పాడు. 16వ శతాబ్దికి చెందిన సూరన ఆకువీటి ప్రభువు పెదవేంకటాద్రి ప్రోద్బలంతో నాలుగు ఆశ్వాసాల ఈ కావ్యం రాసి విరూపాక్షుడికి అంకితమిచ్చాడు. కవిరాజు కావ్యానికి ఇది అనువాదం కాదు. పేరూ జంటా పాతవే అయినా, పని మొత్తం కొత్తగా మొదలుపెట్టవలసి వచ్చింది, ఎందుకంటే తెలుగు వ్యాకరణం శ్లేషకు పెట్టే పరీక్ష వేరు.

ఆ పరీక్షలో మొదటిది డుమువులే. సంస్కృతంలో ‘అర్జున’ అంటే పాండవ మధ్యముడు, తెల్లనిది, మద్దిచెట్టు. తెలుగులో ప్రత్యయం తగలగానే పని చెడుతుంది. అర్జునుడంటే మనిషి, అర్జునమంటే చెట్టు. కాబట్టి రెండర్థాల మాటను సమాసం లోపలే దాచాలి. ప్రత్యయం బయటికి కనిపించే చోట రెండు కథల్లోనూ ఒకే లింగం, ఒకే వచనం ఉండే మాట దొరకాలి. దశరథుడికి కొడుకులు నలుగురు, పాండురాజుకు ఐదుగురు. సంఖ్య పలికితే ఏదో ఒక కథ తప్పుతుంది. రాముడు ఒక్కడు, పాండవులు బృందం. పెద్దకొడుకు మీద దృష్టి నిలిపితే ఆ చిక్కు కొంత తీరుతుంది. యతి, ప్రాస నియమాలు వీటన్నిటి పైన కూర్చుని ఉంటాయి. సంస్కృత శ్లోకంలో లేని ఈ రెండు బంధనాలతో కూడా రెండు కథలు నడిపించాడన్నది సూరనకు తెలుగు పండితులు ఇచ్చే గౌరవంలో పెద్ద పాలు.

అయితే తెలుగు వ్యాకరణం అడ్డుపడటమే కాదు, కొన్నిచోట్ల చేయూతా ఇస్తుంది. ప్రాచీన కావ్యభాషలో ‘చేసెన్’ అన్న క్రియ అతడికీ ఆమెకూ దానికీ ఒకటే. ప్రథమ పురుష ఏకవచనంలో కర్త లింగం ఏదైనా క్రియ మారదు. ద్రుతం (పదం చివరి నకారం) తర్వాత పరుషాలు సరళాలు కావడం ఇంకో వరం. ద్రుతం పరిసరంలో ‘కరము’ కాస్తా ‘గరము’ అవుతుంది. అప్పుడది మారిన చేయో, పుట్టుకతోనే గరమైన విషమో చదువరి ఎంచుకోవచ్చు. దేశి పదాల్లోనూ పనికొచ్చేవి ఉన్నాయి: నెల అంటే మాసం, చంద్రుడు; పాలు అంటే క్షీరం, భాగం; వలపు అంటే ప్రేమ, సువాసన; అలరు అంటే పువ్వు, ఆనందించు.

ద్వ్యర్థి కావ్యంలో అన్నిటికన్నా తెలివైన పనిముట్టు పాత్రల పేర్లు. పురాణాల్లో చాలా పేర్లు ఒకప్పటి విశేషణాలే. భీముడంటే భయంకరుడు, సుగ్రీవుడంటే చక్కని మెడ గలవాడు, విభీషణుడంటే మిక్కిలి వెరపు పుట్టించేవాడు, దుర్యోధనుడంటే పోరి గెలవరానివాడు, కృష్ణ అంటే నల్లనిది, ద్రౌపది కూడా. కాబట్టి ‘భీమ’ అన్న మాట భారతపరంగా చదివితే ఒక మనిషి, రామపరంగా చదివితే ఏ రాక్షసుడికో బాణానికో చెందిన గుణం. ‘విభీషణ’ అటు నుంచి ఇటు. ఒక కథలో పేరు, ఇంకో కథలో గుణం: ఈ పద్ధతిలో రెండు ఇతిహాసాల పాత్రలూ ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. చదువరికి ముందు ఒక కథ అందుతుంది. ఆ తర్వాత, ఇంతసేపూ గుణమనుకున్నది మనిషి అని తెలుస్తుంది. ఆ క్షణంలో కలిగే ఆశ్చర్యం కోసమే ఇంత శ్రమా. పద్యం పద్యానికీ ఆ ఆశ్చర్యం నిలవదన్నదీ ఒప్పుకోవాలి. రామపరం హాయిగా సాగి భారతపరం ఈడ్చుకు రావలసిన చోట్లు ఏ ద్వ్యర్థి కావ్యంలోనైనా ఉంటాయి. సూరన కావ్యానికి ముద్దరాజు రామన వ్యాఖ్య రాశాడు. పద్యానికి రెండు అన్వయాలూ విడివిడిగా చూపే ఇలాంటి వ్యాఖ్యలే తర్వాతి తరాలకు ఈ కావ్యాలను అందుబాటులో ఉంచాయి.

రామరాజభూషణుడు పనిని ఇంకాస్త కష్టం చేసుకున్నాడు. ‘నరసభూపాలీయం’ అనే అలంకార గ్రంథం రాసిన ఈ కవి ‘ప్రతాపరుద్రీయం’ బాట ఎరిగినవాడు. ఆయన ‘హరిశ్చంద్రనలోపాఖ్యానం’లో హరిశ్చంద్రుడి కథ, నలుడి కథ కలిసి నడుస్తాయి. రామ, పాండవ జంటలా దీనికి పాత బాట లేదు. రెండు కథల పోలిక మాత్రం గట్టిది. ఒకరు మాట కోసం, ఒకరు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారు. ఇద్దరికీ ఆలి ఎడబాటు తప్పలేదు. ఇద్దరూ పరుల కొలువులో దిగిపోయారు: ఒకరు కాటికాపరిగా, ఒకరు ఋతుపర్ణుడి రథం తోలేవాడిగా. నలుడు ఆ కొలువు చేసింది హరిశ్చంద్రుడి వంశం ఏలిన అయోధ్యలోనే.

అయినా రామరాజభూషణుడి శ్లేషకు పరాకాష్ఠ ద్వ్యర్థి కావ్యంలో కాక ‘వసుచరిత్ర’లో ఉంది. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుగొండ నుంచి ఏలిన తిరుమలరాయలకు ఇది అంకితం. వసురాజు గిరికను పెళ్ళాడే ఈ కథలో గిరిక తల్లి శుక్తిమతి నది, తండ్రి కోలాహలం పర్వతం. నది ఆడదీ నదీ కూడా. కొండ మగవాడూ కొండా కూడా. వారి గురించి పలికే ప్రతి మాటా నీటికీ మేనికీ, రాతికీ రొమ్ముకూ సరిపోవాలి. అంటే ఇక్కడ శ్లేష బయటి నుంచి తొడిగింది కాదు, కథా వస్తువే శ్లేష. రెండు పరాయి కథలను కలిపి కుట్టడం కన్నా ఇది సహజమైన కూర్పు. తెలుగు శ్లేషలో నిలిచే భాగం ఏదంటే ముందుగా చూపవలసింది ఇదే. కావ్యం సంస్కృతంలోకీ తమిళంలోకీ వెళ్ళింది. తెలుగులో అనుకరణలు ఎన్ని వచ్చాయంటే వాటికి ‘పిల్ల వసుచరిత్రలు’ అని ఎగతాళి పేరు స్థిరపడింది.

ఆ పిల్లల్లో మేలైనదిగా పేరుపొందిన ‘చంద్రికాపరిణయం’ పాలమూరు ప్రాంతపు జటప్రోలు సంస్థానంలో పుట్టింది. రాసినవాడు ఆ సంస్థానాధిపతి సురభి మాధవరాయలే. 17వ శతాబ్దిలో అదే సంస్థానం ఆదరించిన ఎలకూచి బాలసరస్వతి మరో అంచె ఎక్కి ‘రాఘవయాదవపాండవీయం’ రాశాడు. రామాయణ, భాగవత, భారత కథలు మూడూ ఒకే పద్యాల్లో నడుస్తాయి. ఇదే పేరుతో సంస్కృతంలో చిదంబరకవి త్ర్యర్థి కావ్యం విజయనగరం చివరి దశలో, వేంకటపతిరాయల కాలంలో వచ్చింది. ఈ పోటీకి ఉత్తరాదిలోనూ జవాబు ఉంది: జైనకవి మేఘవిజయుడి ‘సప్తసంధానం’లో ఐదుగురు తీర్థంకరులు, రాముడు, కృష్ణుడు కలిసి ఏడుగురు నాయకులు. కంచి ప్రాంతపు వేంకటాధ్వరి ‘యాదవరాఘవీయం’ 30 శ్లోకాల చిన్న రచన. ముందు నుంచి చదివితే రామకథ, వెనక నుంచి చదివితే కృష్ణకథ. సాంకేతికంగా అది శ్లేష కాదు, విలోమ కావ్యం. ఆకలి మాత్రం ఒకటే. తెలుగులో ‘అచలాత్మజా పరిణయం’ పేరులోనే ద్వ్యర్థి తనం చూపిస్తుంది: అచల అంటే భూమి అనుకుంటే సీత పెళ్ళి, కొండ అనుకుంటే పార్వతి పెళ్ళి. మూడో అర్థం, నాలుగో అర్థం చేర్చే కొద్దీ కథ పలచబడింది. నిఘంటువు అట్టడుగు నుంచి ఎవరూ వాడని అర్థాలు తవ్వి తీయవలసి వచ్చింది. వ్యాఖ్య లేనిదే ఒక్క అడుగు ముందుకు పడని రచనలు పెరిగాయి.

ఇదే కాలంలో తంజావూరులో శ్లేష మరో బాట పట్టింది. రఘునాథనాయకుడి కొలువులోని చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’లో అర్జునుడి తీర్థయాత్ర, సుభద్ర పెళ్ళి మాత్రమే ఉన్నాయి, రెండో కథ లేదు. బదులుగా ప్రతి పద్యంలోనూ ఓ చమత్కారం ఉంది. అది ఎక్కువగా తెలుగు మాటల్లో, నుడికారాల్లో, జనం నోట నలిగే పలుకుబడుల్లో ఉంది. నానార్థకోశం తిరగేయకుండానే నవ్వు వస్తుంది. ద్వ్యర్థి కావ్యాలు పండితుల అల్మరాల్లోకి వెళ్ళిపోయాక కూడా చేమకూర పద్యాలు జనం నోట నిలవడానికి ఇదే కారణం.

19వ శతాబ్దిలో ఈ సంప్రదాయం అచ్చుయంత్రాన్ని ఎదుర్కొంది. సి.పి. బ్రౌన్ జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత మనుచరిత్ర, వసుచరిత్రలకు వ్యాఖ్యలు రాయించి ప్రబంధాలను నిలబెట్టాడు. వావిళ్ళ వంటి ప్రచురణ సంస్థలు వ్యాఖ్యలతో సహా కావ్యాలు అచ్చేశాయి. కానీ అచ్చు ఒక కొత్త అలవాటు తెచ్చింది: మాటకూ మాటకూ మధ్య ఎడం. సభంగ శ్లేషకు అది గొడ్డలి పెట్టు. ఎక్కడ ఎడం పెట్టినా ఒక అర్థం చచ్చిపోతుంది. పద్యభాగంలో మాటలు కలిపి అచ్చేయడం చాలాకాలం కొనసాగింది కాబట్టి కొంత నష్టం తప్పింది. అంతకన్నా పెద్ద మార్పు చదివే తీరులో వచ్చింది. పద్యాన్ని సభలో ఒకరు చదివి, ఆగి, రెండో అన్వయం విప్పి, మళ్ళీ చదివేది పాత పద్ధతి. ఒంటరిగా కూర్చుని కథ కోసం పేజీలు తిప్పే కొత్త పాఠకుడికి ఆ తీరిక లేదు, నానార్థవర్గం నోటికి రాదు.

అభిరుచి కూడా మారింది. కందుకూరి వీరేశలింగం తొలినాళ్ళలో ‘శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం’ రాశాడు. పెదవులు కలిసే అక్షరాలు, సంస్కృత పదాలు, వచనం, మూడూ లేకుండా నలుడి కథ చెప్పిన ఆ కవే తర్వాత వచనానికి పెద్ద దిక్కయ్యాడు. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారం’ (1914) ప్రబంధాల శబ్దాడంబరాన్ని గట్టిగా విమర్శించింది. కథాకల్పనకు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ను ఎత్తిపట్టింది. దాంతో ఒకే కవికి రెండు భిన్నమైన గతులు పట్టాయి. అదే చేతితో రాసిన ‘రాఘవపాండవీయం’ గారడీగా పక్కకు పోయింది, ‘కళాపూర్ణోదయం’ ఆధునికులకు ఇష్టమైంది. ఈ తీర్పు సగమే న్యాయమైనది. కథలో కథ పెట్టి, ఒకరి రూపంలో మరొకరిని నడిపించి, చివరకు ముడి విప్పే ‘కళాపూర్ణోదయం’ నేర్పు, ఒక మాట వెనక మరో మాట దాచే పనిలో తేలినదేనని చెప్పడానికి తగిన కారణాలున్నాయి.

లిపి సంస్కరణ కూడా శ్లేషను విచిత్రంగా తాకింది. పాత రాతలో ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరం. నీరు జలం, నీఱు బూడిద. అరసున్నా బండిరా వాడుక నుంచి పోయాక ఈ జంటలు ఒకే రూపానికి వచ్చాయి. ప్రబంధకవి రెండుగా చూసిన మాటలు ఇప్పుడు పత్రికల శీర్షికలు రాసేవారికి ఉచితంగా దొరికిన శ్లేషలు. పద్యం నుంచి దిగిన శ్లేష శీర్షికల్లో, సినిమా పాటల్లో, హాస్యోక్తుల్లో స్థిరపడింది. శ్రీశ్రీ మాటల విరుపులు ఆయన కవిత్వమంత ప్రసిద్ధం.

పాత కావ్యాలను మళ్ళీ చదివించే ప్రయత్నాలు 20వ శతాబ్దిలోనూ ఆగలేదు. వేదం వేంకటరాయశాస్త్రి ‘శృంగారనైషధం’కు వ్యాఖ్య రాశారు. తాపీ ధర్మారావు ‘విజయవిలాసం’కు వాడుక భాషలో ‘హృదయోల్లాస వ్యాఖ్య’ రాసి ఒక్కో చమత్కారాన్నీ ఒలిచి చూపారు. ఆ రచనకు 1971లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2010లో సంస్కృత పండితుడు యిగాల్ బ్రోనర్ అమెరికాలో ప్రచురించిన గ్రంథం శ్లేష కావ్యాల చరిత్రను మొదటి నుంచి చివరి దాకా కూర్చి, సూరన వంటి తెలుగు కవులకూ అందులో చోటిచ్చింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ సూరన రచనల్లో ఆంగ్లంలోకి తీసుకువెళ్ళినవి ‘కళాపూర్ణోదయం’, ‘ప్రభావతీప్రద్యుమ్నం’. ‘రాఘవపాండవీయం’ను అనువదించబూనితే ప్రతి పద్యానికీ రెండు పాఠాలు రాయక తప్పదు, మూలంలో ఉన్న ఒక్క పద్యం అందులో ఎక్కడా కనిపించదు.